గుర్తు చేస్తేనే గట్టెక్కేది

బలహీనమైన జ్ఞాపకం ఎలా నిలుస్తుందో ఎలుక పిల్లలు చూపించాయి. సునామీని చూడని తరం ఎదిగిన అండమాన్ నికోబార్‌కు ఆ పాఠం కీలకం

2004 డిసెంబరు 26 ఉదయం భూమి కంపించగానే లిటిల్ అండమాన్‌లోని ఓంగే తెగవారు తీరం వదిలి ఎత్తయిన చోటుకు వెళ్లిపోయారు. వంద మంది కూడా లేని ఆ తెగ ప్రాణాలతో బయటపడింది. వారిని కాపాడింది తరతరాలుగా పెద్దలు చెబుతూ వచ్చిన మాటే. నికోబార్ దీవుల్లో మాత్రం వేల మంది చనిపోవడమో గల్లంతవడమో జరిగింది. 1881లో కార్ నికోబార్ దగ్గర వచ్చిన భూకంపం సునామీని పుట్టించినా ఆ అలలు చిన్నవి.

బాల్యంలో నేర్చింది త్వరగా చెరిగిపోతుంది. మరి కొంతైనా ఎందుకు మిగులుతుంది? అమెరికా మనస్తత్వవేత్తలు బైరన్ క్యాంప్‌బెల్, జూలియన్ జేన్స్ 1966లో దీనికి జవాబు చెప్పారు. ఒక పెట్టెలో షాక్ ఇచ్చి ఎలుక పిల్లలకు భయం నేర్పారు. కొన్నింటికి ఆ తర్వాత వారానికోసారి ఒక చిన్న షాక్‌తో గుర్తు చేశారు. నెల తర్వాత చూస్తే వాటికి భయం నిలిచే ఉంది. నేర్చుకుని వదిలేసినవి మరిచిపోయాయి. అసలు నేర్చుకోకుండా వారానికో షాక్ మాత్రమే తిన్నవాటికి ఏమీ అంటలేదు. అంటే గుర్తు చేయడం కొత్త పాఠం కాదు, ఉన్న పాఠానికి ఊతం.

దీనికి మరో కోణమూ ఉంది. గుర్తొచ్చిన జ్ఞాపకం కాసేపు మెత్తబడుతుందనీ, అప్పుడు దాన్ని చెరపడమూ సాధ్యమేననీ కరీమ్ నాడర్ బృందం 2000లో ఎలుకల్లోనే చూపింది. హెచ్చరిక మోగి ఏమీ జరగకపోతే భయం సడలిపోవడమూ మామూలే.

దీవులకు ఇదే అసలు చిక్కు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు నికోబార్‌కు హెచ్చరిక వెళ్లింది, పెద్ద అల మాత్రం రాలేదు. పైగా భూకంప కేంద్రం దగ్గరుంటే అల నిమిషాల్లోనే తీరం చేరుతుంది. సైరన్ కోసం ఎదురుచూసే వ్యవధి ఉండకపోవచ్చు. కాళ్లకింద కదిలిన నేలే హెచ్చరిక.

మనుషులు ఎలుకలు కారు, కథ విని కూడా నేర్చుకోగలరు. కానీ 2004 తర్వాత పుట్టినవారికి ఆ కథే చెప్పకపోతే ఏటా జరిపే మాక్ డ్రిల్ మూడో గుంపు ఎలుకలకిచ్చిన షాక్‌తో సమానం. ముందు కథ, ఆ తర్వాత కసరత్తు. ఓంగేలను కాపాడింది అలాంటి కథే.