బుజ్జిగాడికి భయమేస్తోందా?

గూడూరులో పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నానికల్లా చెన్నై థీమ్‌పార్కులో ఉండొచ్చు. టిక్కెట్లూ పులిహోరా సిద్ధం. మరి, దసరా పులివేషం చూసి అమ్మ కొంగులో దూరే మూడేళ్ల బుజ్జిగాడి సంగతో?

పెద్ద చప్పుళ్లకీ ముసుగు మొహాలకీ ఆ వయసు పిల్లలు బెదరడం మామూలే. 'పిరికివాడు' అనకండి. వారం ముందునుంచే ఫొటోలు చూపిస్తూ అక్కడి కబుర్లు చెప్పండి. ఎలుగుబంటి వేషంలో ఉండేది మనలాంటి అన్నేనని చెప్పండి. తిరునాళ్లలో చిన్న రంగులరాట్నం కనిపిస్తే కాసేపు దూరంనుంచి చూడనిచ్చి, తర్వాత ఒళ్లో కూర్చోబెట్టుకుని ఓ చుట్టు తిప్పండి. (వెంకటగిరి పోలేరమ్మ జాతర రోజున మాత్రం వద్దు. ఆ జనంలో పెద్దవాళ్లకే ఊపిరాడదు!)

పార్కుల్లో చాలా రైడ్లకు ఎత్తు కొలిచిగానీ ఎక్కించరు. ముందే కనుక్కోండి, ఎక్కనివ్వని వాటి గురించి ఊరించొద్దు. 'ఇంత డబ్బు పోశాం, ఎక్కు' అని బలవంతం చేశారో, ఆ భయం ఇంటిదాకా వస్తుంది. అక్కయ్య పెద్ద రాట్నం ఎక్కినంతసేపూ వాణ్ని తాతయ్యతో నీడపట్టున ఆడుకోనివ్వండి.