ఎదుగుతాడని పెద్దది కొనొద్దు!

కృష్ణా జిల్లాలో 'క్లబ్బు' అనగానే చాలామందికి పేకముక్కలే గుర్తొస్తాయి. గోల్ఫ్‌లో మాత్రం ఆడే చోటూ క్లబ్బే, చేతిలోని కర్రా క్లబ్బే. చల్లపల్లి చుట్టూ ఎటు చూసినా పచ్చదనమే. కానీ అది వరిచేల పచ్చదనం. గోల్ఫ్ ఆడాలంటే విశాఖలో 1884 నాటి ఈస్ట్ పాయింట్ క్లబ్‌కో, హైదరాబాద్‌లో గోల్కొండ కోట పక్కనున్న మైదానానికో వెళ్లాలి. అయితేనేం, పిల్లలు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో స్థిరపడ్డాక ఆ ఆట ఇంటిదాకా వచ్చేసినట్టే. సెలవులకొచ్చిన మనవడు 'తాతయ్యా, గోల్ఫ్ సెట్ కొనిపెట్టవూ' అంటే కాదనడమెలా? మరి ఏం చూసి కొనాలి?

పద్నాలుగూ అక్కర్లేదు

పోటీల్లో ఒక్కొక్కరూ 14 కర్రల వరకూ వాడొచ్చు. అమెరికా గోల్ఫ్ సంఘం ఈ హద్దు పెట్టింది 1938లో. అంతకుముందు పాతికకు పైగా కర్రలు మోయించినవాళ్లూ ఉన్నారు. కొత్తగా నేర్చుకునేవారికి మాత్రం ఆరు చాలు. దూరం కొట్టడానికి ఒక వుడ్, ఒక హైబ్రిడ్, 7, 9 నంబరు ఐరన్లు, ఇసుక గుంటలోంచి బంతిని లేపే శాండ్‌వెడ్జ్, చివర్లో బంతిని గుంటలోకి దొర్లించే పుటర్. వుడ్ అన్నది ఇప్పుడు పేరుకే, దాని తల లోహంతోనే చేస్తున్నారు. ఐరన్ల నంబరు పెరిగేకొద్దీ కర్ర పొట్టిదవుతుంది, తల వాలు పెరుగుతుంది. దాంతో బంతి ఎత్తుగా లేచి దగ్గర్లో పడుతుంది. పేరున్న కంపెనీ పూర్తి సెట్ లక్ష రూపాయలు దాటుతుంది కాబట్టి మొదట 'హాఫ్ సెట్' అడగడం మంచిది.

కర్రను మడవలేం

'ఎదిగే పిల్లాడు, రెండంగుళాలు వదులుగా కుట్టు' అని టైలర్‌కి చెప్పడం మన ఇళ్లలో మామూలే. చొక్కా చేతులైతే మడుచుకోవచ్చు. కర్రను మడవలేం కదా! పొడుగు కర్ర చేతికిస్తే పిల్లాడు బంతికి దూరంగా జరిగి, నిటారుగా నిలబడి, కర్రను ఒంటి చుట్టూ తిప్పేస్తాడు. ఆ అలవాటు పాతుకుపోతే తర్వాత సరైన కర్ర ఇచ్చినా ఓ పట్టాన వదలదు.

అమెరికాలో మావయ్య వాడి పక్కనపెట్టిన సెట్‌ను కోయించి పొట్టి చేయించడమూ పరిష్కారం కాదు. పొడవు తగ్గినా తల బరువు తగ్గదు. పైగా కడ్డీ మరింత బిగుసుకుపోతుంది. పిల్లల ఎత్తును బట్టి తయారుచేసే సెట్లు విడిగా దొరుకుతాయి. అవే కొనాలి. పెద్దాడికి పొట్టివైపోతే తమ్ముడికి పనికొస్తాయి.

టేపు తీయండి

పెద్దవాళ్లకూ కొలతే ముఖ్యం. బూట్లు వేసుకుని నిలబడి, చేతులు వదిలేసి, మణికట్టు ముడత నుంచి నేల వరకూ కొలవాలి. ఎత్తునూ ఈ కొలతనూ కలిపి చూసి కర్ర పొడవు నిర్ణయిస్తారు. ఆరడుగుల మనిషికైనా చేతులు పొడవుగా ఉంటే మామూలు కర్రే సరిపోవచ్చు. కుడిచేతి వాటం వారు పిడి పట్టుకుంటే ఎడమచేతి నడిమి వేళ్ల కొసలు అరచేతిని తాకీతాకనట్టుండాలి. నిదానంగా ఊపేవారికి తేలికగా, కాస్త వంగేలా ఉండే గ్రాఫైట్ కడ్డీ నయం.

ఐరన్లలో వెనుకవైపు గుల్లగా ఉండే 'కేవిటీ బ్యాక్' రకం ఎంచుకోవాలి. బరువంతా అంచులకు సర్దడంవల్ల దెబ్బ నడిమధ్య తగలకపోయినా బంతి మరీ దారి తప్పదు. జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీరు కార్‌స్టెన్ సోల్‌హైమ్ 1959లో ఈ సూత్రంతోనే ఓ పుటర్ చేశాడు. బంతి తగిలినప్పుడు వచ్చిన శబ్దాన్నే దానికి పేరుగా పెట్టాడు... పింగ్!

చిన్న కర్రే కీలకం

దుకాణంలో అందరి కళ్లూ పెద్ద తల ఉన్న డ్రైవర్ మీదే ఉంటాయి. లెక్క చూస్తే వేరు. 72 దెబ్బల్లో పూర్తిచేయాల్సిన మైదానంలో 36 దెబ్బలు, అంటే సరిగ్గా సగం, పుటర్‌కే కేటాయిస్తారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ ప్రత్యర్థులంత దూరం కొట్టలేకపోయినా నాలుగో స్థానం దాకా వెళ్లిందంటే ఆ చిన్న కర్ర చలవే.

కొనేముందు కోచ్ దగ్గరున్న కర్రలతో నాలుగు రోజులు ఆడి చూడాలి. పాత సెట్ అయితే కడ్డీకి సొట్టలున్నాయా, తల మీది గాళ్లు అరిగాయా, పిడి గట్టిపడిందా అన్నవి చూసుకోవాలి. కోస్తా ఉక్కపోతకు పిడి చెమటతో జారుతుంది. అప్పుడప్పుడూ సబ్బునీళ్లతో తుడిచి ఆరబెట్టాలి. విదేశాల నుంచి తెచ్చుకుంటే విమానంలో చేతిసంచీగా ఒప్పుకోరు, లగేజీలో వేయాల్సిందే.

చల్లపల్లి తాతయ్యకు గోల్ఫ్ రాకపోయినా ఫర్వాలేదు. డబ్బులు తీసేముందు మనవణ్ని బూట్లతో నిలబెట్టి టేపు పట్టుకుంటే చాలు.