అడిగి తెలియునది, చూచి తెలియునది

మన గ్రామమును మన మెఱుగుదు మనుకొనుట మనలో ననేకులకు గల ధీమా. ఏ యింట నెందఱున్నారు, ఎవరి కెన్ని యెకరములు, ఎవరి పత్రము ఎవరి పెట్టెలో నున్నది - ఇవన్నియు నాలుక చివరనే యున్నవి. కాని ప్రభుత్వపు విచారణోద్యోగి వచ్చి పాలేరును బిలిచి, “నీకు కూలి చాలుచున్నదా?” యని ప్రశ్నించినప్పుడు, వాడు మొదట చూచునది ఉద్యోగి వెనుక నిలుచున్న దెవరన్న సంగతిని. ఆసామి యున్న నొక జవాబు. లేకున్న వేఱొక జవాబు. ఇందు అబద్ధమాడవలెనను దుర్బుద్ధి యేమియు లేదు. మనుష్యుడు తన్నుగూర్చి తాను చెప్పుకొనునది యొకటి, చేయునది యింకొకటి. పెక్కు పర్యాయములు ఆ భేదము వానికే తెలియదు. నోటిమాట వ్రాసికొనిపోయిన యుద్యోగికి బొత్తిగా తెలియదు.

ఈ భేదమును గుర్తించి యొక శాస్త్రపద్ధతిని నెలకొల్పినవారిలో ముఖ్యుడు మలినోవ్‌స్కీ పండితుడు. ఆయన జన్మచే పోలెండువాడు, రాజకీయముగా ఆస్ట్రియా ప్రజ. 1914లో యుద్ధము వచ్చునప్పటికి ఆస్ట్రేలియాలో నుండుటచే శత్రుదేశీయుడుగా నెంచబడెను. అయినను అచ్చటి ప్రభుత్వ మనుమతింపగా, 1915 మొదలు 1918 వఱకు గల కాలములో రెండు విడతలు న్యూగినీ చెంతనున్న ట్రోబ్రియండు దీవులలో గడపెను. అంతకుముందు ఇట్టి పండితులు పెక్కుమంది దొరల బంగళా వసారాలో కుర్చీ వేసికొని, దుబాసీచే స్థానికులను బిలిపించి ప్రశ్నించెడివారు. ఈయన తన గుడారమును ఊరి నడుమ వేసికొని వారి భాష నేర్చెను. వంటలు, తగవులు, పడవల పని, పిల్లల యాటలు - అన్నియు కన్నుల యెదుటనే జరుగుచుండెను. మొదట వింతగా జూచిన జనులు కొన్నాళ్లకు ఈయనను పట్టించుకొనుట మానిరి. అప్పుడే నిజమైన పరిశీలన మొదలైనది. ఆయన 1942లో మరణించిన చాలా కాలమునకు, 1967లో, ఆయన స్వంత దినచర్య అచ్చుపడినది. అందులో ఆ దీవుల జనులపై విసుగు, కోపము, ఒంటరితనపు గోడు కనవచ్చి లోకమును విభ్రాంతిలో ముంచినవి. చూచువాని కన్ను నిర్మలమని నమ్మరాదని శాస్త్రజ్ఞులు తెలిసికొనుటకు ఆ పుస్తకము కొంత తోడ్పడినది.

మనకు దగ్గఱి కథ మఱియొకటి కలదు. వియన్నాలో చదివి, 1935-36లో లండనునందు ఆ మలినోవ్‌స్కీ గోష్ఠిలో పాల్గొన్న హైమండార్ఫ్ పండితుడు 1939లో రెండవ యుద్ధారంభమున మన దేశమున నుండెను. చేతిలో జర్మనీ పాస్‌పోర్టు. ఆంగ్ల ప్రభుత్వమువారు ఆయనను నిజాం రాజ్యపు సరిహద్దులు దాటరాదని కట్టడి చేసిరి. గురువునకు వలెనే శిష్యునకును యుద్ధమే విద్యాశాల యయ్యెను! అమ్రాబాదు పీఠభూమిలోని చెంచులతోడను, గోదావరి కొండలలోని రెడ్లతోడను నివసించి, తుదకు ఆదిలాబాదు గోండుల కడకు జేరెను.

ఆ జిల్లా అప్పుడు నివురుగప్పిన నిప్పు. 1940లో జోడేఘాటువద్ద కొమురం భీమును, ఆయన యనుచరులను నిజాం పోలీసులు కాల్చిచంపిరి. గోండు లెందుకు తిరుగబడిరో సర్కారుకు అర్థము కాలేదు. లేక అర్థమైనను కాగితముపై కనబడలేదు. కాగితములపై సంగతి సులభముగా నుండెను: ఈ భూములు బంజరులు, ఈ యడవి రక్షితారణ్యము, ఇందు దున్నువారు ఆక్రమణదారులు. పట్వారీ లెక్కకు జంగ్లాతు శాఖ లెక్క సరిపోయెను. అన్ని లెక్కలును సరిపోయినచోట అనుమానపడుట మంచిది.

ఈ పండితుడును, ఆయన భార్య బెట్టీయును మార్లవాయి గ్రామమున గుడిసెలో కాపురముండిరి. వంశవృక్షములు వ్రాసికొనిరి, ప్రధానులను భాటులు పాడు గోండుల పురాణగాథలు వినిరి, పొలములవెంట తిరిగిరి. అప్పుడు కన్నుల బడిన దేమి? గోండు తేలికనేలను కొన్ని యేండ్లు దున్ని, సారము తగ్గగానే బీడు విడిచి, వేఱొకచోట దున్ని, మరల మొదటి నేలకే వచ్చును. బీడు పడియున్న యేట వచ్చిన సర్వే యుద్యోగి కది దిక్కులేని నేల. జంగ్లాతువారికి అడవి. దున్నిన వాని మనస్సున మాత్ర మది తాతనాటి చేను. పట్టా యనగా నేమో వాడెఱుగడు. ఎఱిగిన వలసదారుడు దానిని తన పేర వ్రాయించుకొనెను. ఇది అడిగిన తెలియునది కాదు. “నీకు పట్టా కలదా?” యను ప్రశ్నకు “లేదు” అనునదే సత్యమైన జవాబు. ఆ సత్యమే వాని మెడకు ఉరి యయ్యెను.

ఈ పరిశీలన కాగితముపై నిలిచిపోలేదు. 1943లో మార్లవాయిలో గోండీ భాషలో బోధించు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రము వెలసెను. ఆ దశాబ్దిలోనే వేలకొలది గోండు కుటుంబములకు పట్టాలు దక్కెను. నిజాం సర్కారు కోరినది న్యాయము కాదు, అలజడి లేకుండుటయే యని నేను దలంతును. ఆ సర్కారు సలహాదారుగా పనిచేసిన విదేశీయుని పొగడుటకు నా కలము కొంత వెనుదీయుచున్నది. అయినను మన పట్టణముల దేశభక్తులలో ఎంతమంది ఆనాడు ఆ గుడిసెల మధ్య ఒక మాసము గడపిరో లెక్కించినచో తలవంపే మిగులును.

చూచుటకు ఎచ్చట గూర్చుంటిమన్నది మఱియొక చిక్కు. మైసూరు బ్రాహ్మణుడైన శ్రీనివాస్ పండితుడు 1948లో ఆ సీమలోని రాంపురమను గ్రామమున చాలా మాసము లుండెను. గ్రామపెద్దగారు తమ యెద్దులశాలను చేరియున్న వసతిని ఇచ్చిరి. ఆదరముతోడనే యిచ్చిరి. ఆయన వ్రాతప్రతులు మూడును 1970లో అమెరికాలోని స్టాన్‌ఫర్డులో నిప్పుపాలు గాగా, జ్ఞాపకమే ప్రధానాధారముగా గొన్న గ్రంథము 1976లో వెలువడెను. అగ్రకులముల గవాక్షమునుండియే ఊరిని జూచితినని, హరిజనవాడను తగినంత యెఱుగనైతినని ఆయన దాపఱికము లేక యొప్పుకొనెను. పెద్దయింట బస జేసినవాని కాలు ఆ వాడకు స్వేచ్ఛగా సాగదు. సాగినను, అచ్చటివారు ఈతడు పెద్దయింటి యతిథి యని మఱవరు.

ఈ యొప్పుకోలును మన యాసాము లొకసారి మనస్సున బెట్టుకొనవలెను. మనము ప్రతిదినము జీతగాని జూచుచునే యున్నాము. కాని మన యెదుట నున్న జీతగాని మాత్రమే. వాడు మాత్రము మనలను అన్నివేళల జూచును: భోజనమున, కోపమున, బేరమున, అప్పులవాడు వచ్చినప్పుడు మన ముఖము మాఱు తీరున. ఏ విశ్వవిద్యాలయమును చదువకయే వాడు నేర్చిన శాస్త్రమిది. వాని కూటికి అది యవసరము.

నిఘాను పరిశీలన యని భ్రమించుటయు గలదు. 1871 నాటి నేరస్థజాతుల చట్టము 1911లో సవరింపబడి మద్రాసు రాజధానికిని వచ్చిన పిదప, ఎఱుకలవారిని స్టువర్టుపురము వంటి సెటిల్‌మెంట్లలో నుంచి హాజరు పట్టిరి. జమాదారుకంటె నిశితముగా వారిని జూచినవా డెవడు? అయినను వాడు నేర్చిన దేమియు లేదు. దొంగ యని ముందే తీర్పు వ్రాసికొని కూర్చున్నవానికి, వారు బుట్ట యల్లుచున్నను దొంగలే. ఆ చట్టము 1952లో దేశమంతట తొలగెను గాని, జమాదారు చూపు ఠాణాలలో నింకను మిగిలియున్నది.

హైమండార్ఫ్ 1970ల చివరిభాగమున ఆదిలాబాదునకు మరలివచ్చి, తాను వెనుక దిరిగిన గ్రామములను మరల జూచెను. గిరిజన భూములు గిరిజనేతరుల పాలు కారాదని 1959లోను, మఱింత గట్టిగా 1970లోను నిబంధన లేర్పడియే యున్నవి. కాగితములపై అంతయు సరిగానే యుండెను. కాని తా నెఱిగిన గోండుల చేలలో ననేకము వలసవచ్చినవారి చేతులలో నుండుట ఆయన కనుగొని, 1982లో వెలువడిన గ్రంథమున వ్రాసెను. ఏ చే నెవరిదో మున్ను గట్టుపై నిలిచి చూచియుండుటచేతనే ఆయన కది తెలిసినది. బెట్టీ 1987లో హైదరాబాదున మరణింపగా, ఆమెను మార్లవాయిలోనే సమాధి చేసిరి.