సెకండ్ హ్యాండ్ బోటు కొంటున్నారా? ముందు ఇంజిన్ మీద చెయ్యేసి చూడండి!

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ఇంజిన్ బోట్ల వేటకు బ్రేక్. ఒడ్డుకు చేరిన పాత ఫైబర్ బోట్లను తీరిగ్గా చూసుకోవడానికి ఇదే టైమ్. అలాగని కొత్త పెయింట్ చూసి అడ్వాన్స్ ఇచ్చేయొద్దు.

వెళ్లగానే ఇంజిన్ తాకి చూడండి. వేడిగా ఉందా? మీరు రాకముందే ఓసారి స్టార్ట్ చేశారన్నమాట. చల్లారేదాకా ఆగి, డ్రమ్ము నీళ్లలో పెట్టి మళ్లీ స్టార్ట్ చేయించండి. నీళ్లు లేకుండా నడిపితే లోపలి పంపు రబ్బరు పాడవుతుంది. ఇంజిన్ నడుస్తుంటే పక్కనున్న చిన్న రంధ్రం నుంచి నీళ్లు ధారగా రావాలి. చుక్కలు చుక్కలుగా వస్తే పంపు అరిగిందో, ఉప్పు పేరుకుపోయిందో!

అసలు గుట్టు గేర్ ఆయిల్‌లో ఉంటుంది. ఇంజిన్ ఆపించి, కింది స్క్రూ కాస్త వదులు చేయించండి. ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే సీలు పోయి నీళ్లు లోపలికి చేరినట్టే. ఫ్యాన్ వెనక చుట్టుకున్న వల దారం కూడా ఈ సీలును తినేస్తుంది.

చాలామంది వదిలేసేది ఇంజిన్ బిగించే వెనక పలకను. ఇంజిన్‌ను పట్టుకుని ఊపితే పలక కదలకూడదు. సుత్తి పిడితో తడితే మెత్తగా 'బొద్'మంటే లోపల చెక్క చీకినట్టే.

బోటు రిజిస్ట్రేషన్ నంబరు, ఇంజిన్ నంబరు కాగితాలతో కలవకపోతే మాత్రం రేటు ఎంత తగ్గించినా వచ్చేయండి.