షుగర్ గోలీలో ఏముందో తెలుసుకొని మింగుదాం

ఈసారి సంఘం వార్తలు కాకుండా షుగర్ గోలీల గురించి నాలుగు మాటలు రాస్తున్నాను. కారణం నా సొంత అనుభవమే.

కొన్నేళ్ల కింద నూలు పున్నమి నాడు, మార్కండేయ మహాముని రథోత్సవం. పొద్దున్నే గోలీలు వేసుకొని, ఉపవాసమని ఒక్క చాయ్ తాగి రథం వెంట నడిచాను. మధ్యాహ్నానికి చేతులు వణికాయి, చెమటకు చొక్కా తడిసింది, పక్కవాళ్లు ఏమంటున్నారో అర్థం కాలేదు. నడక అలసట అనుకున్నాను. తోటి భక్తుడొకాయన మందుల దుకాణానికి తీసుకుపోయి మిషన్ మీద చూపిస్తే షుగర్ 54 ఉంది. ఇంటికి వచ్చి నా గోలీల సంచి విప్పితే సంగతి బయటపడింది. పాత డాక్టరు రాసిన షీటు ఒకటి, కొత్త డాక్టరు రాసిన షీటు ఒకటి. పైన పేర్లు వేరు, లోపలి మందు ఒకటే. వారం రోజులుగా ఒకే మందును రెట్టింపు మింగుతున్నాను. జీవితమంతా గుమాస్తాగా ఇతరుల లెక్కలు సరిచూసిన నేను, నా గోలీల లెక్క చూసుకోలేదు.

ఒకే గోలీలో రెండు మందులు ఎందుకు?

టైప్ టూ షుగర్‌లో లోపం ఒక్కటే ఉండదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయదు, దాన్ని తయారుచేసే పాంక్రియాస్ అలసిపోతుంది, కాలేయం అవసరానికి మించి చక్కెర వదులుతుంది. ఒక్కో మందు ఒక్కో లోపం మీద పనిచేస్తుంది. అందుకే డాక్టర్లు రెండు, మూడు కలిపి రాస్తారు. మింగే గోలీలు తగ్గుతాయి, మరిచిపోవడం తగ్గుతుంది. అయితే లోపల ఏమున్నాయో మనకు తెలియకపోతే అదే చిక్కు తెస్తుంది.

మెట్‌ఫార్మిన్: కాలేయం వదిలే చక్కెరను తగ్గిస్తుంది. అన్నంతోనో, తిన్న వెంటనేనో వేసుకుంటే కడుపులో ఇబ్బంది తక్కువ. ఇదొక్కటే వాడితే షుగర్ మరీ పడిపోవడం అరుదు. ఏళ్ల తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గవచ్చు. కిడ్నీ పరీక్షలో ఈజీఎఫ్ఆర్ 30 కంటే తక్కువైతే దీన్ని వాడకూడదు. అందుకే ఏడాదికొకసారైనా కిడ్నీ పరీక్ష చేయించుకోవాలి.

గ్లిమెపిరైడ్: పాంక్రియాస్‌ను తట్టి ఇన్సులిన్ వదిలిస్తుంది. మనం తిన్నామా లేదా అని ఇది చూడదు. వేసుకొని తినకపోతే లో షుగర్ అవుతుంది. నాకు జరిగింది ఇదే. చాలా షీట్ల మీద పేరు చివర ఉండే 1, 2 అంకెలు ఈ మందు ఎన్ని మిల్లీగ్రాములో చెబుతాయి. 1 బదులు 2 తెచ్చుకుంటే మందు రెట్టింపైనట్టే.

విల్డాగ్లిప్టిన్, సిటాగ్లిప్టిన్: తిన్న తరువాత పెరిగే షుగర్‌ను అదుపు చేస్తాయి. మన దేశంలో మొదటిదాని పేటెంట్ 2019లో, రెండోదాని పేటెంట్ 2022లో ముగిశాయి. ధరలు దిగాయి, మంచిదే. కానీ ఒకే మందు ఇప్పుడు ఎన్నో పేర్లతో వస్తోంది.

డాపాగ్లిఫ్లోజిన్: చక్కెరను మూత్రంలో బయటికి పంపుతుంది. నీళ్లు బాగా తాగాలి. మూత్రం దగ్గర దురద, మంట వస్తే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పాలి.

కలిపిన ప్రతి గోలీ మంచిదే అనుకోవద్దు. 2018 సెప్టెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 328 మిశ్రమాల్లో షుగర్ గోలీలు కూడా ఉన్నాయి. ఏళ్ల నాటి చీటీ చూపించి కొనుక్కోవడం మానాలి.

మన పనులు, మన ఉపవాసాలు

సాంచాల మీద రాత్రి పాళీ చేసేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. గోలీ వేళ గడియారాన్ని బట్టి కాదు, మీ భోజనాన్ని బట్టి ఉండాలి. బీడీల లెక్క పూర్తి కావాలని అక్కచెల్లెళ్లు మధ్యాహ్నం తిండి వాయిదా వేస్తారు. గ్లిమెపిరైడ్ వాడేవాళ్లకు అది ప్రమాదం. శ్రావణ సోమవారాలు, ఏకాదశులు ఉండేవాళ్లు ముందుగానే డాక్టరును అడిగి గోలీలు మార్పించుకోవాలి, సొంతంగా నిర్ణయించుకోవద్దు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు కూడా అంతే. ఆ రోజుల్లో మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ ఆపాలేమో వెంటనే అడగాలి. ఒక పూట గోలీ మరిచిపోతే తరువాతి పూట రెండు వేసుకోవద్దు. మోకాళ్ల నొప్పులకు సొంతంగా కొనే గోలీలు కిడ్నీలను దెబ్బతీయవచ్చు, అవి కూడా అడిగే వాడాలి.

షుగర్ పడిపోతే

వణుకు, చెమట, గుండె దడ, ఆకలి, చిరాకు, మాట తడబడటం కనిపిస్తే, షుగర్ 70 కంటే తక్కువుంటే, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. ఇంకా 70 కంటే తక్కువే ఉంటే మళ్లీ తాగాలి, తరువాత భోజనం చేయాలి. వోగ్లిబోస్ కలిసిన గోలీ వాడేవాళ్లకు చక్కెర త్వరగా పనిచేయదు, గ్లూకోజ్ పొడే వాడాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. గ్లిమెపిరైడ్ వల్ల పడిన షుగర్ కొన్ని గంటల తరువాత మళ్లీ పడవచ్చు. తేరుకున్నాక కూడా మనిషిని ఒంటరిగా వదలవద్దు, అదే రోజు డాక్టరుకు చూపించాలి.

చివరగా ఒక గుమాస్తా సలహా. షీటు మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు, చిన్న అక్షరాల్లో ఉండేది అసలు మందు. ఇంట్లో చదువుకునే పిల్లలతో ఆ చిన్న అక్షరాలు చదివించండి. మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట, తినక ముందా తరువాతా అని ఒక కాగితం మీద తెలుగులో రాసి జేబులో పెట్టుకోండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు ఆ కాగితం చూపించండి. కొత్త గోలీ రాస్తే "పాతది ఆపాలా?" అని ఒక్క మాట అడగండి. ఆ ఒక్క మాట అడగనందుకే నేను రథం దగ్గర పడిపోబోయాను.

చదివిపెట్టేవాళ్లు ఇంట్లో లేకపోతే షీట్లు తీసుకొని సాయంత్రం సంఘం ఆఫీసుకు రండి. మందు మార్చడం నా పని కాదు, పేర్లు రాసిపెట్టడం మాత్రం నాకు బాగా వచ్చు.