మా గుండమ్మ మళ్ళీ అరుగెక్కింది

పిల్లి గెంతడం మానేస్తే మన ఇళ్ళల్లో అనే మాట ఒకటే: "ముసలిదైపోయింది." చాలాసార్లు అసలు సంగతి కీళ్ళ నొప్పి. అమెరికాలో 2002లో వచ్చిన ఒక స్టడీలో 12 ఏళ్ళు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే, 90 పిల్లుల్లో కీళ్ళ అరుగుదల కనిపించింది. కానీ పిల్లి మూలిగి చెప్పదు. ఒక్కో పనీ మానేస్తుంది, అంతే. గోడ ఎక్కదు. నడుం దగ్గర నాక్కోదు, అక్కడ బొచ్చు ఉండలు కడుతుంది.

మా గుండమ్మ అచ్చం అలాగే ఉండేది. పలాసలో మా పక్కింటి మామ్మగారు హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతూ దాన్ని మాకు అప్పజెప్పారు. వయసు పదకొండో పన్నెండో. బరువు 6.5 కేజీలు. అరుగు కింద నిలబడి పైకి చూసేది, మళ్ళీ కూర్చుండిపోయేది. ఆ వీడియో తీసి పశువుల డాక్టరుగారికి చూపించాం. ఆసుపత్రిలో పిల్లి భయంతో ముడుచుకుపోతుంది కాబట్టి, ఇంట్లో తీసిన వీడియోనే ఎక్కువ పనికొస్తుంది. ఆయన కాళ్ళు మెల్లగా వంచి చూసి ఆర్థరైటిస్ అన్నారు.

"మన పేరాసిట్మాల్ సగం ముక్క పెట్టీండి, తగ్గిపోద్ది" అన్నారు వీధిలో ఒకరు. ఫ్రెండ్స్, ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి: పేరాసిట్మాల్ పిల్లిని చంపేస్తుంది. ఆ మందుని విరిచి బయటికి పంపే ఒక ఎంజైమ్ జీన్ పిల్లిలో పనిచెయ్యదు. మన భాషలో చెప్పాలంటే కోడ్ ఉంది, కానీ కామెంట్ చేసేసి ఉంది. దాంతో రక్తం ఆక్సిజన్ మొయ్యలేకపోతుంది, లివర్ పాడవుతుంది. పిల్లులకి వేరే నొప్పి మందులున్నాయి గానీ ముసలి పిల్లికి కిడ్నీలు ఎలా ఉన్నాయో రక్తపరీక్ష చేసి చూశాకే ఇవ్వాలి. నొప్పి మాత్రలూ కిడ్నీలూ అంటే ఉద్దానం వాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు కదా.

మందు కంటే ముందు బరువు తగ్గాలి. అలాగని తిండి ఆపేయకూడదు. లావుపాటి పిల్లి కొన్ని రోజులు పస్తుంటే ఒంట్లో కొవ్వు లివర్‌లో పేరుకుని ప్రాణం మీదికొస్తుంది. వారానికి బరువులో 1 శాతం తగ్గితే చాలు. లెక్క ఇలా వేస్తారు: ఉండాల్సిన బరువుకి 0.75 పవర్ కట్టి 70తో గుణించాలి. గుండమ్మకి 5 కేజీలు చాలన్నారు కాబట్టి సుమారు 234 కేలరీలు. బరువు తగ్గడానికి అందులో 80 శాతం, అంటే రోజుకి 187. పాలన్నం, ఎండు నెత్తళ్ళు బంద్. ఎండు చేపలో ఉప్పెక్కువ. పిల్లి మాంసాహారి, దానికి అన్నం కన్నా ప్రోటీన్ ముఖ్యం. క్యాట్ ఫుడ్ గ్రాముల్లో తూచి, రోజుకి నాలుగు సార్లు పెట్టాం. అప్పుడప్పుడు ఉప్పూ ఉల్లీ వెల్లుల్లీ లేకుండా ఉడికించిన చేప ముక్క.

65 గ్రాముల తేడా మనుషుల వెయింగ్ మిషన్‌లో తెలీదు. మా వీధిలో జీడిపప్పు తూచే ఎలక్ట్రానిక్ కాటా మీద బుట్టలో పెట్టి తూచేవాళ్ళం. పప్పు ప్యాక్ చేసే అక్కలంతా ఆదివారం గుండమ్మ కోసం ఎదురుచూసేవారు.

ఇంక ఇల్లు. చెక్క పలకకి కొబ్బరి తాడు దగ్గరగా చుట్టి అరుగుకి ఏటవాలుగా ఆనించాం, గోళ్ళకి పట్టు దొరుకుతుంది. ఇసుక ట్రేకి ఒక పక్క అంచు కోసేశాం, కాలు ఎత్తకుండా దిగుతుంది. పడుకోడానికి మందపాటి బొంత. నాలుగు గింజలు గదిలో అక్కడక్కడా పెడితే అదే నడక. దారంతో ఆట రెండేసి నిమిషాలే, అలిసిపోకముందే ఆపెయ్యాలి.

ఆరు నెలలకి 5.2 కేజీలకి వచ్చింది. అరిగిన కీలు తిరిగి రాదు. గోడ మీదికి ఇప్పటికీ గెంతదు. కానీ పలక మీంచి అరుగెక్కుతుంది, నడుం నాక్కుంటుంది, పక్కింటి కోళ్ళని చూసి తోక ఆడిస్తుంది.

సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మీ పిల్లిని ఓ పూట గమనించండి. అది ఏం చేస్తోందో కాదు, ఏం మానేసిందో చూడండి.