అచ్చువేయని కార్డులు: పాతబస్తీ అభిమానుల సంతకాల పుస్తకాలు

అభిమాన జట్టు ఆటగాళ్ల బొమ్మలను, సంతకాలను కూడబెట్టుకునే అలవాటు చాలా దేశాల్లో ఉన్నదే అయినా, అమెరికాలో బేస్‌బాల్ చుట్టూ పెరిగిన పద్ధతికీ, హైదరాబాదు పాతబస్తీలో క్రికెట్, ఫుట్‌బాల్ చుట్టూ పెరిగిన పద్ధతికీ మధ్య మౌలికమైన తేడా ఒకటి కనిపిస్తుంది. అక్కడ కంపెనీ కార్డును అచ్చువేసి అమ్మితే అభిమాని కొనుక్కున్నాడు. ఇక్కడ అటువంటి పరిశ్రమ నిలదొక్కుకోలేదు గనుక, చార్మినార్‌కు దక్షిణాన ఫలక్‌నుమా పొరుగున ఉన్న జహనుమా వంటి బస్తీల్లో అభిమాని తన కార్డును తానే తయారుచేసుకోవలసి వచ్చింది. పత్రికలోంచి కత్తిరించిన బొమ్మ, దానిని అంటించిన నోటుపుస్తకం, అదృష్టం కలిసొస్తే ఆ బొమ్మ మీదనే ఆటగాడి చేత పెట్టించుకున్న సంతకం ఇక్కడి సేకరణకు ముడిసరుకులు.

బేస్‌బాల్ కార్డు అంటే ముందువైపు ఆటగాడి బొమ్మ, వెనకవైపు అతని వివరాలు ఉండే, అరచేతిలో ఇమిడే అట్టముక్క. 1880లలో అమెరికా పొగాకు కంపెనీలు, సిగరెట్లు నలిగిపోకుండా పెట్టెలో ఉంచే గట్టి అట్టమీదనే బొమ్మలు ముద్రించి కొనుగోలుదారులను ఆకర్షించడంతో ఇది మొదలైంది. 1909 నుంచి 1911 వరకు వెలువడిన ఒక వరుసలో హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి కార్డు ముద్రణ మధ్యలోనే ఆగిపోయింది. పిల్లలు తన బొమ్మ కోసం సిగరెట్లు కొనడం అతనికి ఇష్టం లేదని కొందరు, సొమ్ము దగ్గర పేచీ వచ్చిందని కొందరు కారణం చెబుతారు. ఏది నిజమైనా, మిగిలిన కొద్ది ప్రతుల్లో ఒకటి 2022లో 72.5 లక్షల డాలర్లు పలికింది. తరువాతి కాలంలో పొగాకు స్థానాన్ని బబుల్ గమ్ ఆక్రమించింది. టాప్స్ కంపెనీ 1952లో తెచ్చిన కార్డుల్లో అమ్ముడుపోని పెట్టెలను 1960లో పడవకెక్కించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించినట్టు, వాటిని రూపొందించిన సై బెర్గర్ స్వయంగా చెప్పాడు. అదే వరుసలోని మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో 1.26 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. కార్డు విలువ అందులోని బొమ్మను బట్టి మాత్రమే కాక, ఎన్ని ప్రతులు నాశనమయ్యాయన్న దానిని బట్టి కూడా పెరుగుతుందనడానికి ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు.

క్రికెట్‌లోనూ ఈ ఆచారం లేకపోలేదు. బ్రిటన్‌లో విల్స్ కంపెనీ 1896లోనే క్రికెటర్ల సిగరెట్ కార్డులు తెచ్చింది. హైదరాబాదులో మాత్రం కథ వేరే దారి పట్టింది. చార్మినార్ సిగరెట్లతో ఇంటింటికీ తెలిసిన వజీర్ సుల్తాన్ పొగాకు కంపెనీ పేరు స్థానిక క్రికెట్‌లో జట్టు పేరుగా వినిపించింది. ‘పైగా’ అనే వంశపు నవాబు పేరిట 1930లో మొదలైన మొయినుద్దౌలా గోల్డ్ కప్‌లో ఆ కంపెనీ కుర్రాళ్ల జట్టు ఆడింది. బొమ్మలు పంచడానికి బదులు బొమ్మల్లో ఉండవలసిన మనుషులనే మైదానంలోకి దింపడం హైదరాబాదీ దర్జాకు తగినట్టే ఉంది.

1980ల తరువాత బబుల్ గమ్ పొట్లాల్లో క్రికెటర్ల బొమ్మలు, కిరాణా కొట్టు గుమ్మాల్లో వేలాడే ట్రంప్ కార్డులు పిల్లల చేతికి వచ్చాయి. 1999 ప్రపంచ కప్ సమయంలో బ్రిటానియా కంపెనీ బిస్కెట్ పొట్లాలపై పరుగులు ముద్రించి, నూరు పరుగులు పోగుచేసిన వారికి బహుమతి పుస్తకం ఇచ్చే పథకం పెట్టింది. అయితే అటువంటి పథకాల్లో పొట్లాల కాగితాలను దుకాణంలో అప్పగిస్తేనే బహుమతి దక్కుతుంది గనుక, సేకరణ పూర్తయిన నాడే అది చేజారిపోయేది. అమెరికా పిల్లవాడు కార్డుల కట్టను పాదరక్షల పెట్టెలో దాచుకుని పెద్దయ్యేసరికి అది ఆస్తిగా మారితే, ఇక్కడి పిల్లవాడి కష్టం కొట్టువాడి గల్లాపెట్టె పక్కన చెత్తగా మిగిలింది. ఈ దేశంలో కార్డుల సేకరణ వేళ్లూనుకోకపోవడానికి పేదరికాన్ని కారణంగా చెప్పడం తేలిక గానీ, వస్తువు అభిమాని దగ్గర నిలవకుండా చేసిన ఈ ఏర్పాటుకూ అందులో తక్కువ పాత్ర లేదు.

ఆ లోటును పత్రికలు పూడ్చాయి. 1978లో మొదలైన స్పోర్ట్‌స్టార్ పత్రిక నడిమి పేజీల్లో వచ్చే రంగుల పోస్టర్లు గోడలకెక్కాయి. ఆబిడ్స్‌లో ఆదివారం కాలిబాట మీద పరిచే పాత పుస్తకాలు, పత్రికలు చవకగా బొమ్మలు సమకూర్చుకునే దారి చూపాయి.

సంతకాల విషయంలో హైదరాబాదు నిజంగా సంపన్న నగరం. మొయినుద్దౌలా కప్‌కు 1930లలోనే వెస్టిండీస్ వీరుడు లియరీ కాన్‌స్టంటైన్ వచ్చి ఆడాడు. స్వాతంత్ర్యానంతరం దేశంలోని టెస్టు ఆటగాళ్లు ఏటా ఈ పోటీకి రావడంతో, టెస్టు మ్యాచిలో దూరం నుంచి మాత్రమే కనిపించేవారు ఇక్కడ బౌండరీ తాడు దగ్గర దొరికేవారు. గులాం అహ్మద్, జైసింహ, ఆబిద్ అలీ, అబ్బాస్ అలీ బేగ్ వంటివారు ఈ ఊరివారే. ఫుట్‌బాల్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. పోలీసు ఆటగాడి చేతి సంతకం చలానా మీద కాక పుస్తకంలో కోరి తీసుకున్న కాలం అది.

సంతకాల పుస్తకానికి సంబంధించి భారత క్రికెట్‌లో అన్నిటికన్నా ప్రసిద్ధమైన పేజీ క్రికెటర్ కాని వ్యక్తిది. 1933-34లో డగ్లస్ జార్డిన్ నాయకత్వంలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఎంసీసీ జట్టులోని 16 మంది సంతకాలున్న పేజీని, క్రికెటర్ విజయ్ మర్చంట్ సోదరి లక్ష్మి పుస్తకంలో చూసి, గాంధీ 17వ వ్యక్తిగా తన పేరు చేర్చాడు. హరిజన నిధి కోసం సంతకానికి ఐదు రూపాయలు వసూలు చేసిన ఘనతా ఆయనదే. అమెరికాలో ఆటగాళ్లు బల్ల వెనక కూర్చుని రుసుము పుచ్చుకుని సంతకాలు చేసే సభలను ఎద్దేవా చేసేవారు ఈ సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ధర ఉన్నచోట దొంగ సరుకు ఉంటుంది. 1990ల చివర అమెరికా సమాఖ్య దర్యాప్తు సంస్థ ‘ఆపరేషన్ బుల్‌పెన్’ పేరిట జరిపిన పరిశోధనలో నకిలీ సంతకాల ముఠాలు బయటపడ్డాయి. దరిమిలా బేస్‌బాల్ లీగు, సంతకం జరిగేటప్పుడు సాక్షి ఎదుట ఉండి వస్తువుకు హోలోగ్రామ్ ముద్ర అంటించే పద్ధతిని 2001లో ప్రవేశపెట్టింది. కార్డు అంచులు, మూలలు, ముద్రణ పరీక్షించి 1 నుంచి 10 వరకు అంకె వేసి, గాజులాంటి ప్లాస్టిక్ పెట్టెలో మూసివేయడాన్ని గ్రేడింగ్ అంటారు. ఆ ఒక్క అంకె తేడాతో ధర ఎన్నో రెట్లు మారుతుంది. వీటికి తోడు, బ్యాటు మీద ముందే ముద్రించి వచ్చే అచ్చు సంతకాన్ని అసలుదని భ్రమపడేవారు నేటికీ ఉన్నారు. పెన్ను ఒత్తిడికి గీత లోతు మారకుండా అంతటా ఒకే మందంగా ఉంటే అది యంత్రం పని అని అనుమానించాలి.

హైదరాబాదు పుస్తకాలకు ముద్రలు లేవు, అంకెలు లేవు. వాటికి చరిత్రే సాక్షి. ఫతే మైదాన్‌గా పేరొందిన లాల్ బహదూర్ స్టేడియంలో జరిగిన టెస్టులు మూడే: 1955, 1969, 1988. మూడింటిలోనూ ప్రత్యర్థి న్యూజిలాండే. అందువల్ల 1955 నాటి పుస్తకంలో గులాం అహ్మద్, 223 పరుగులు చేసి భారత్ తరఫున తొలి టెస్టు డబుల్ సెంచరీ సాధించిన పాలీ ఉమ్రిగర్‌ల పక్కన బర్ట్ సట్‌క్లిఫ్ పేరు కనిపిస్తే సహజం. 1988 నాటి దానిలో అజహరుద్దీన్, అర్షద్ అయూబ్‌ల పక్కన రిచర్డ్ హ్యాడ్లీ ఉంటే సహజం. ఫతే మైదాన్ టెస్టులో ఆస్ట్రేలియా ఆటగాడు చేశాడంటూ అమ్మజూపే సంతకం మాత్రం, ఎంత అందంగా ఉన్నా, కట్టుకథ. చిత్రమేమంటే, ఉప్పల్ స్టేడియంలో 2010లో జరిగిన తొలి టెస్టుకూ న్యూజిలాండే వచ్చింది.

డెక్కన్ చార్జర్స్ 2009లో, సన్‌రైజర్స్ హైదరాబాద్ 2016లో ఐపీఎల్ గెలిచేనాటికి అభిమాని కోరిక సంతకం నుంచి సెల్ఫీకి మళ్లడం మొదలైంది. ఈ నగరపు గల్లీల్లోనే ఆట నేర్చిన మహమ్మద్ సిరాజ్ ఎదురైతే చేయి జేబులోని పెన్ను కన్నా ముందు ఫోను వైపు వెళ్తుంది. మరోవైపు, అమెరికాలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన డల్లాస్ ప్రాంతంలో పిల్లలు అసలు సిసలైన బేస్‌బాల్ కార్డులకే అలవాటు పడ్డారు. అక్కడి టెక్సస్ రేంజర్స్ జట్టు 2022లో కొత్త ఆటగాళ్ల ఎంపికలో (డ్రాఫ్టులో) మూడవ ఎంపికగా తీసుకున్న కుమార్ రాకర్ తల్లికి భారతీయ మూలాలున్నాయి. అతను 2024 సెప్టెంబరులో ప్రధాన లీగులో తొలి మ్యాచి ఆడాడు. ఆటగాడు ప్రధాన లీగులో అడుగుపెట్టిన కాలపు కార్డును రూకీ కార్డు అంటారు, సేకరించేవారు ఎక్కువగా వెతికేది దానినే.

పాతబస్తీ ఇళ్లలో మిగిలిన పుస్తకాలకు ప్రస్తుతం నకిలీల కన్నా పురుగుల బెడదే ఎక్కువ. బొమ్మలు అంటించిన మైదా జిగురు పురుగులకు మేతవుతుంది. వార్తాపత్రిక కాగితంలోని ఆమ్లం దానిని పసుపుబార్చి పొడి చేస్తుంది. స్కెచ్ పెన్ను సిరా వెలుతురుకు వెలిసిపోతుంది. ఎండ తగలని పొడి చోట, ఆమ్లం లేని కాగితాల మధ్య ఉంచి, ప్రతి సంతకం కింద తేదీ, మైదానం, మ్యాచి పేరు పెన్సిలుతో రాసిపెట్టడం చాలు. ఆ వివరం లేని పుస్తకం ఇల్లు మారినప్పుడు పాత కాగితాలతో కలిసి పాత సామాన్లు అమ్మే జుమ్మేరాత్ బజారుకు చేరితే, అక్కడ దానిని కిలోల లెక్కన తూస్తారు.